గుర్రు పేరు బ్యాండ్‌విడ్త్

జూన్ 3

మా ఇంజినీరమ్మకి పిన్ని ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ బాబాయీ బాగున్నాం. ఆయన బస్సులో టిక్కెట్లు కొడుతున్నాడు, నేను కొట్లో రేడియోలు విప్పుతున్నాను. మీ అమ్మ ఉత్తరం రాయడం లేదని అలిగావట. మా అక్క సొంత చెల్లెల్ని నాకే రాయదు, నీకేం రాస్తుంది. అలక మాని వేళకి తిండి తిను.

అసలు సంగతి చెప్తాను, కూర్చుని చదువు. మా ఊరి రేడియో స్టేషన్‌లో స్టూడియో టెక్నీషియన్ ఉద్యోగం పడింది. డిగ్రీ అక్కర్లేదట, ఇరవై ఏళ్ళు రిపేరు పని చేసి ఉంటే చాలట. నేను ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్నాను. జూలై 18న ఇంటర్వ్యూ. దరఖాస్తు పడేసి వచ్చాకే మీ బాబాయికి చెప్పాను, ముందు చెప్తే పది ప్రశ్నలు వేస్తాడని.

నా బాధ నీకు తెలిసిందే. పదకొండేళ్ళుగా ఆ స్టేషన్ గుర్రు పెడుతోంది. అనౌన్సరమ్మ వార్తలు చదువుతుంటే మాట వెనక సన్నగా, ఆగకుండా ఒకటే గుర్రు. ఊళ్ళో ఎవరికీ అది పట్టదు. నాకు అది తప్ప ఇంకోటి వినపడదు. అంతకుముందు ఆవిడ కాగితం తిప్పినా వినిపించేది తెలుసా. ఆ చిన్న చప్పుడంటే నాకు ప్రాణం, చదివే మనిషి మన ఎదురుగా కూర్చున్నట్టుండేది. స్టేషన్‌కి నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగిటికీ ఒకటే జవాబు వచ్చింది, మీ రేడియోని దగ్గర్లోని మెకానిక్‌కి చూపించుకోండి అని. దగ్గర్లోని మెకానిక్‌ని నేనేనాయె.

రోగం ఎక్కడుందో కూడా నాకు తెలుసు. వేరే ఊరి నుంచి రిలే వచ్చేటప్పుడు గుర్రు ఉండదు. మా అనౌన్సరమ్మ నోరు తెరవగానే మొదలు. అంటే ట్రాన్స్‌మిటర్ శుభ్రంగా ఉంది, చెడింది స్టూడియోలో. నన్ను ఒక్క పూట ఆ గదిలోకి పోనిస్తే చాలు. అది ఎవరూ పోనివ్వరు, ఉద్యోగం వస్తే తప్ప.

చిక్కల్లా ప్రకటన కింద ఉన్న చిన్న అక్షరాలతో వచ్చింది. ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్స్ ఇంజినీరింగ్‌లో వాడే సాధారణ సాంకేతిక పదాల మీద ప్రశ్నలు అడుగుతారట. అది చదివి నీరుకారిపోయాను. రెసిస్టర్లు, కండెన్సర్లు లాంటి సామాన్ల పేర్లు వచ్చు, కొట్టుకెళ్ళి కొనుక్కోవాలి కనక. ఆ పైనుండే పెద్ద మాటలు ఒక్కటీ రావు. నాకు పని నేర్పిన పెద్దాయన ఆ జోలికే పోలేదు. ఆయన లెక్కలో సెట్టు మూలిగితే గుర్రు, మైకు అరిస్తే కూత, స్టేషన్ దొరక్కపోతే గరగర, స్పీకర్ ఆంప్లిఫయర్ మీద మోపే భారం బరువు. ఈ నాలుగు మాటలతోనే ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను.

నువ్వు చదివేది ఆ చదువే కదా. ఆ మాటలేవో, వాటి అర్థాలేవో రాసి పంపు. ఫోన్ చేస్తానని మాత్రం అనకు. నువ్వు మాట్లాడుతుంటే నేను లైనులో గరగర వింటూ కూర్చుంటాను, నీ మాట చెవిలో పడదు. పోస్టుకి నాలుగు రోజులు పడితే పట్టనీ.

ఇట్లు,
ఈ వయసులో పరీక్షకి కూర్చోబోతున్న నీ పిన్ని


జూన్ 9

పిన్నికి నమస్కారాలు.

నీ ఉత్తరం హాస్టల్లో మా గదివాళ్ళందరికీ చదివి వినిపించాను. దగ్గర్లోని మెకానిక్ దగ్గరికొచ్చేసరికి ఒకమ్మాయికి టీ పొలమారింది. ఇక్కడ కూడా మీ స్టేషన్ వస్తుంది. నువ్వు చెప్పాక చెవి పెట్టి విన్నాను, గుర్రు ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. నీ చెవులు నాకు రాలేదు పిన్నీ, మా నాన్నవి వచ్చాయి.

నువ్వు అడగాల్సిన మనిషినే అడిగావు. పోయిన సెమిస్టర్ థియరీలో క్లాసులో నాదే రెండో స్థానం. వైవాలో మాత్రం ఆ పరీక్షకుడు ఏదో అడ్డదిడ్డంగా అడిగాడనుకో, దాని సంగతి వదిలెయ్.

మొత్తం ఇరవై ఒక్క పదాలు ఏరాను. ఒక్కో పదానికి ఒక్కో కార్డు. ముందు వైపు నంబరు, పదం. వెనక వైపు అర్థం. నిన్న పొద్దున్నంతా అదే పని. ముందు వైపులన్నీ వరసగా రాసి మంచం నిండా ఆరబెట్టాను. ఫ్యాను గాలికి రెండు కార్డులు కిటికీ దాకా ఎగిరాయి. సిరా ఆరాక వరసగా పేర్చి కట్ట కట్టి, కట్టని తిప్పి, వెనక వైపులన్నీ జాబితా చూసి వరసగా రాసేశాను. చేతిరాత ఎంత ముద్దుగా వచ్చిందో నువ్వే చూస్తావు.

ఒక్క మాట. వీటిని నీ సొంత కవిత్వం కలపకుండా ఉన్నది ఉన్నట్టు కంఠస్థం చెయ్యి. ఇంటర్వ్యూల్లో వాళ్ళకి కావలసింది నిర్వచనం. ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా ఒప్పుకోరు. మా దగ్గర అంతే.

బాబాయిని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ గురువు (నవ్వకు)


జూన్ 16

గురువుగారికి శిష్యురాలి దండాలు. నవ్వాను, ఏం చేసుకుంటావో చేసుకో.

కార్డులు అందాయి. చేతిరాత ముత్యాలే, మీ అమ్మ రాత పోలిక ఒక్కటీ లేదు. పని బల్ల పైన గోడకి తీగ కట్టి, బట్టలారేసినట్టు క్లిప్పులతో వేలాడదీశాను. సాల్డరింగ్ ఐరన్ వేడెక్కే లోపు ఒక కార్డు, సెట్టు వేడెక్కే లోపు ఇంకో కార్డు.

అన్నీ కొత్త మాటలే కదా, నమ్మకం కుదరడానికి ముందుగా ఒకదాన్ని పరీక్షకి పెట్టాను. మధ్యలో చెయ్యి పెడితే పదకొండో కార్డు వచ్చింది, ఫీడ్‌బ్యాక్. బయటికి వచ్చినదాంట్లో కొంత మళ్ళీ లోపలికే చేరడం, అదుపు తప్పితే అరుపు పుడుతుంది అని రాశావు. మైకుని స్పీకర్ ముందు పెట్టాను. కూత వచ్చింది. పక్క కొట్టు దర్జీ గుడ్డ వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. మా పెద్దాయన కూత అన్నదాన్నే నువ్వు మూడు ముక్కల్లో ఎంత చక్కగా చెప్పావే. నాకు కళ్ళు చెమర్చాయి. మన ఇంటి పిల్ల నా పని గురించి నాకే తెలియని పేర్లు నాకు చెప్తోంది కదా అని. ఇక మిగతావి పరీక్ష పెట్టలేదు. నీ మాటే వేదం అనుకున్నాను.

ఒక్క మూడో కార్డు దగ్గర కొంచెం తికమక పడ్డాను. ఇంపెడెన్స్ అనే మాట ప్రతి స్పీకర్ వెనకా అచ్చయి ఉంటుంది, పక్కన ఎనిమిదని అంకె. ఇన్నేళ్ళూ దాన్ని కంపెనీవాళ్ళ సొద అనుకున్నాను. ఇప్పుడు నీ కార్డు వెనక ఉన్నది చదివి స్పీకర్‌ని చూస్తే రెండూ పొసగడం లేదు. పాపం స్పీకర్ అలాంటి పని చేయదు కదా? నాకే ఏదో అర్థం కావడం లేదు. తీరిక ఉంటే చెప్పు, లేకపోతే వద్దు.

దర్జీ ఇప్పుడు రోజూ మధ్యాహ్నం టేపు మెడలో వేసుకుని వచ్చి నాచేత పాఠం అప్పజెప్పించుకుంటున్నాడు. కార్డు వెనక్కి తిప్పి పట్టుకుని, ఒక్క మాట తప్పినా కాదమ్మా మళ్ళీ చెప్పు అంటున్నాడు. పోలీసోడు నయం.

ఇట్లు,
నీ పిన్ని


జూన్ 22

పిన్నీ,

నీ సందేహం చాలా మంచిది. మొదట్లో అందరికీ వస్తుంది. ఇంపెడెన్స్ అనేది మామూలుగా కంటికి కనిపించే వ్యవహారం కాదు. దానిలో ఒక వాస్తవ భాగం, ఒక ఊహాత్మక భాగం ఉంటాయి. పౌనఃపున్యం మారితే అదీ మారుతుంది. స్పీకర్ వెనక వేసిన ఎనిమిది అనేది ఒక నామమాత్రపు అంకె, దాన్ని పట్టుకుని వేలాడితే నువ్వు ముందుకి కదలలేవు. ఇంకో రెండు పేజీల్లో లెక్కలతో సహా రాసి జత చేస్తున్నాను. అర్థం కాకపోతే వదిలెయ్, కార్డు వెనక ఉన్నది నేర్చుకుంటే చాలు.

నీ అనుభవం గొప్పదే పిన్నీ, కాదనను. కానీ అనుభవంతో వచ్చిన అలవాట్లు కొన్నిసార్లు సిద్ధాంతానికి అడ్డొస్తాయని మా సార్ చెప్తారు. ఈ నెల రోజులూ నీ చేతులు చెప్పేది పక్కన పెట్టి కార్డులు చెప్పేది విను.

మా వైవా ఆగస్టులో మళ్ళీ ఉంది. ఇప్పటినుంచే నిర్వచనాలన్నీ మళ్ళీ వల్లె వేస్తున్నాను.

ఇట్లు,
నీ అమ్మాయి


జూన్ 30

బంగారు తల్లికి,

నీ రెండు పేజీల లెక్కలు అందాయి. బల్ల మీద పరిచి చూశాను, భూతద్దం పెట్టి చూశాను. ఊహాత్మక భాగం అని ఉంది చూశావూ, అక్కడ నాకు ప్రాణం లేచొచ్చింది. ఊహే అయినప్పుడు స్పీకర్‌తో పొసగకపోయినా తప్పు లేదు కదా. సరేనని ముందుకెళ్ళిపోయాను.

ఇరవై ఒకటీ వచ్చేశాయి. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నాకేమిటి, వీధి మొత్తానికి వచ్చేశాయి. దర్జీకి సూదిలో దారం ఎక్కడం లేదట, నా చూపుకి మాడ్యులేషన్ వచ్చిందమ్మా అంటాడు. దూరం పోయేకొద్దీ బలం తగ్గడం కదా మరి. మీ బాబాయికి అటెన్యుయేషన్ తెగ నచ్చింది. మోసుకెళ్ళే అల మీద మాటని ఎక్కించి దూరానికి పంపడం అని చదివి, ఇంతేనా, జనాన్ని బస్సెక్కించి నేను చేసేదీ అదేగా అంటున్నాడు. డిపోలో అందరికీ చెప్పొచ్చాడట.

అన్నిటికంటే నాకు దక్కిన నిధి పదిహేడో కార్డు. నా గుర్రుకి పేరు దొరికింది. డీసీలో పూర్తిగా అణగకుండా మిగిలిపోయిన అల అని ఎంత కరెక్టుగా రాశావమ్మా. పదకొండేళ్ళు దాన్ని వింటున్నాను, ఇంగ్లీషులో దాన్ని బ్యాండ్‌విడ్త్ అంటారని నాకేం తెలుసు. ఇన్నాళ్ళూ గుర్రు, గుర్రు అని రాశాను కాబట్టే వాళ్ళు నవ్వుకుని చెత్తబుట్టలో వేసి ఉంటారు. అందుకని స్టేషన్ చీఫ్ ఇంజినీరుకి నిన్న అయిదో ఉత్తరం రాశాను, ఈసారి చదువుకున్న మాటల్లో. "అయ్యా, మీ స్టూడియోలో బ్యాండ్‌విడ్త్ మరీ ఎక్కువగా ఉన్నది. శ్రోతలు దానిని భరించలేకపోతున్నారు. దయచేసి పూర్తిగా తీసివేయించగలరు." కింద సంతకం, దరఖాస్తు నంబరు కూడా వేశాను. ఇంటర్వ్యూకి ముందే నా చదువు వాళ్ళకి తెలియాలని.

దర్జీ చదివి, దీంతో నీకు ఉద్యోగం ఖాయం అన్నాడు.

ఇట్లు,
నీ పుణ్యమా అని చదువొచ్చిన పిన్ని


జూలై 5

అమ్మాయీ,

నేను ఇంటర్వ్యూకి వెళ్ళడం లేదు. తిట్టకుండా చదువు.

మొన్న స్కూలువాళ్ళు మైకు సెట్టు తెచ్చారు, శబ్దం రావడం లేదని. దాని మీద ఒక నాబ్ దగ్గర గెయిన్ అని రాసి ఉంది. నీ పందొమ్మిదో కార్డు. నీ మాట ప్రకారం గెయిన్ అంటే కరెంటుకి ఎదురయ్యే మొత్తం అడ్డు. అడ్డు పెంచితే శబ్దం తగ్గాలి. తిప్పాను, పెరిగింది. మళ్ళీ తిప్పాను, మళ్ళీ పెరిగింది. సాయంత్రం దాకా తిప్పుతూనే ఉన్నాను.

చేతులు చెప్పేది పక్కన పెట్టమన్నావు. పెట్టాలనే చూశాను. కానీ ఆ చేతులు పక్కన పెడితే నా దగ్గర ఇంకేం మిగలదే. ఇప్పుడు సెట్టు విప్పితే వేలు ముందుకి పోవడం లేదు. ఇన్నేళ్ళూ తప్పు పనే చేశానేమో, జనం మొహమాటానికి బాగుందని పట్టుకెళ్ళారేమో అనిపిస్తోంది. నాకు బాధగా ఉంది. నీ మీద కోపం ఏమీ లేదు, నువ్వు చక్కగానే చెప్పావు. నా బుర్రకే ఎక్కలేదు.

మీ బాబాయి దరఖాస్తు వెనక్కి తీసుకునే కాగితం ఎక్కడ ఇవ్వాలో కనుక్కొస్తానన్నాడు. రెండు రోజులుగా కనుక్కోవడం మర్చిపోతున్నాడు.

పిన్ని


జూలై 5, ఎక్స్‌ప్రెస్ పోస్టు

పిన్నీ, పిన్నీ, కార్డులు ఆపెయ్. ఒక్కటి కూడా చదవకు. అన్నీ తప్పు.

నీ ముప్పయ్యో తారీకు ఉత్తరం ఇప్పుడే చదివాను. బ్యాండ్‌విడ్త్ అంటే గుర్రు కాదు. గుర్రుని రిపుల్ అంటారు, అది అయిదో కార్డు. బ్యాండ్‌విడ్త్ అంటే ఒక పరికరం ఎంత మేర పౌనఃపున్యాలని సరిగా మోయగలదో ఆ వెడల్పు. అది ఎంత ఎక్కువుంటే అంత మంచిది. దాన్ని పూర్తిగా తీసేయమని చీఫ్ ఇంజినీరుకి రాశావు కదా, స్టేషన్ని మూసేసి ఇంటికి పొమ్మన్నట్టే.

తప్పంతా నాది. ముందు వైపులు ఒకటి నుంచి ఇరవై ఒకటి దాకా రాసి, కట్ట కట్టి, మొత్తం కట్టని బోర్లా తిప్పాను. తిప్పితే పైనున్నది అడుక్కి పోతుందని నా మట్టిబుర్రకి తట్టలేదు. పైకి వచ్చింది ఇరవై ఒకటో కార్డు వీపు, దాని మీద ఒకటోదాని అర్థం రాశాను. అలా చివరిదాకా. నాలుగేళ్ళ ఇంజినీరింగ్ చదివి పిన్నీ.

ఇంకో సంగతి చెప్పకపోతే నాకు అన్నం సహించదు. స్పీకర్ వెనక ఎనిమిది గురించి నువ్వు అడిగినప్పుడే నేను పట్టుకోవాల్సింది. నీ ప్రశ్న నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకోలేక రెండు పేజీల లెక్కలు రాశాను. పోయిన వైవాలో ఆ పరీక్షకుడు అడ్డదిడ్డంగా ఏం అడిగాడో తెలుసా? రిపుల్ ఎలా వినిపిస్తుంది అని అడిగాడు. అంతే. నేను నిర్వచనం చెప్పాను. అది కాదమ్మా, వింటే ఎలా ఉంటుంది అన్నాడు. మళ్ళీ నిర్వచనం చెప్పాను. ఆయన పుస్తకం మూసేశాడు. గుర్రు అని ఒక్క మాట అంటే పాసయ్యేదాన్ని.

సరైన జాబితా దీని వెనక రాశాను. ఈసారి రెండుసార్లు చూశాను.

మట్టిబుర్ర


జూలై 10

పిన్నీ,

నీ అయిదో తారీకు ఉత్తరం వచ్చింది. చదివి మంచం మీద కూర్చుండిపోయాను. నా ఎక్స్‌ప్రెస్ నీకు అందే ఉంటుంది, అందినా జవాబు లేదు. నా మొహం చూడకూడదనుకున్నా సరే, ఇంటర్వ్యూకి మాత్రం వెళ్ళు. నీ చేతులు తప్పు కాదు. ఆ నాబ్ తిప్పితే శబ్దం పెరిగింది కదా, పెరగాలి, గెయిన్ అంటే అదే. నా కార్డులు అబద్ధం చెప్తుంటే నీ చేతులు ఒప్పుకోలేదు పిన్నీ. ఒప్పుకోకపోవడమే నీకు పని వచ్చనడానికి గుర్తు.

బతిమాలుకుంటున్నాను. వెళ్ళు.

నీ అమ్మాయి


జూలై 18

మా మట్టిబుర్ర ఇంజినీరమ్మకి,

ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చాను. చీర కూడా మార్చుకోకుండా కూర్చుని రాస్తున్నాను. చివరి పేజీకి దూకకు, వరసలో చదువు.

నీ ఎక్స్‌ప్రెస్ కూడా మామూలు పోస్టులాగే నాలుగు రోజులు తిరిగి తొమ్మిదో తారీకున అందింది. దానికి రెండు రోజుల ముందే నేను కార్డుల రోగం పట్టేశాను. జవాబు రాయకపోవడం కావాలని చేసిన పనే. నన్ను నెల రోజులు ఉడికించావు, నువ్వు వారం రోజులు ఉడికితే ఏం పోయింది అనుకున్నాను. నీ పదో తారీకు ఉత్తరం చూశాక పాపం అనిపించింది, అప్పటికి రాసినా ఇంటర్వ్యూ తర్వాతే అందుతుందని ఊరుకున్నాను.

ఎలా పట్టానో విను. ఏడో తారీకున స్టేషన్ నుంచి జవాబు వచ్చింది. "మా బ్యాండ్‌విడ్త్ పట్ల మీరు చూపిన శ్రద్ధకు ధన్యవాదాలు. దానిని తగ్గించే ఉద్దేశం మాకు లేదు." అది చదివి బల్ల మీద పెట్టేశాను. రోగాన్ని తగ్గించే ఉద్దేశం లేదని ఎవడైనా రాస్తాడా? అంటే వాళ్ళకి అది రోగం కాదు. అంటే కార్డు తప్పు. సెట్టు మోగకపోతే నా చెవులు పోయాయని ఎప్పుడైనా అనుకున్నానా? సెట్టు విప్పుతాను. కార్డుల దగ్గరికొచ్చేసరికి నా చెవులనే అనుమానించాను, పిచ్చిదాన్ని.

కార్డులన్నీ తీగ మీంచి దించి, చెడిపోయిన సెట్టు అనుకుని పని మొదలుపెట్టాను. ఖాయంగా తెలిసినవి ముందు పక్కకి తీయాలి. స్పీకర్ మీద ఇంపెడెన్స్ అచ్చయి ఉంది, అది మూడు. మైకు సెట్టు మీద గెయిన్ అచ్చయి ఉంది, అది పందొమ్మిది. మూడో కార్డు వీపు మీద, లోపలికి వెళ్ళింది ఎన్ని రెట్లు పెరిగి బయటికి వస్తుందో అని ఉన్నది పందొమ్మిదోదానికి అతికినట్టు సరిపోయింది. పందొమ్మిదోదాని వీపు మూడుకి సరిపోయింది. రెండూ కలిపితే ఇరవై రెండు. బ్యాండ్‌విడ్త్ పదిహేడు కదా, ఇరవై రెండులోంచి తీస్తే అయిదు. అయిదో కార్డు తీసి చూస్తే రిపుల్. దాని వీపు మీద రోగం మాట ఏమీ లేదు, ఎంత వెడల్పు మోయగలదో అని ఉంది, తగ్గించం అన్నారంటే వాళ్ళ బ్యాండ్‌విడ్త్ ఇదే అయ్యుండాలి. ఇక వరసపెట్టి చూసుకుపోయాను, ప్రతి జతా ఇరవై రెండే. మిగిలింది పదకొండు, దానికి అదే జత. నేను మొట్టమొదట పరీక్ష పెట్టి, కళ్ళు చెమర్చుకుని, నీ మాటే వేదం అనుకున్నది ఆ ఒక్క కార్డునే. ఇరవై ఒకటిలో అదొక్కటే నిజం చెప్పింది, దాన్ని చూసి మిగతా ఇరవైని నమ్మాను. అంత నవ్వు ఈ మధ్య నేను నవ్వలేదు. దర్జీ వచ్చి ఏమైందమ్మా అంటే, నీ చూపుకి వచ్చింది మాడ్యులేషన్ కాదు, అటెన్యుయేషన్ అని చెప్పాను. అద్దాలు మార్చుకుంటే రెండూ పోతాయన్నాడు.

ఇంటర్వ్యూ. ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నావిడ చీఫ్ ఇంజినీరు. నేను అయ్యా అని రాస్తే అక్కడ అమ్మ కూర్చుని ఉంది. ఆవిడ ముందు ఒక ఫైలు, దాంట్లో నా ఉత్తరాలు అయిదూ. చెత్తబుట్టలో పడ్డాయనుకున్నవి. ఆవిడ అయిదోది పైకెత్తి పట్టుకుని అడిగింది.

"మా బ్యాండ్‌విడ్త్ పూర్తిగా తీసేయమన్నది మీరేనా?"

"నేనేనండి. కానీ ఆ మాట నాది కాదు. మొదటి నాలుగు ఉత్తరాల్లో మాట నాది."

పక్కాయన నవ్వు ఆపుకోవడానికి నీళ్ళు తాగాడు. ఆవిడ నవ్వలేదు. పదాల ప్రశ్నలు తర్వాత చూద్దాం, ఈ మధ్య మీరు పట్టుకున్న కష్టమైన ఫాల్ట్ ఒకటి చెప్పండి అంది.

రేడియోలు వంద చెప్పగలను. ఎందుకో చెయ్యి సంచిలోకి పోయింది. కార్డుల కట్ట తీసి బల్ల మీద పెట్టి, ఇదిగోండి అన్నాను. మొత్తం చెప్పాను. మా అక్క కూతురు కట్ట తిప్పిందని, నేను నెల రోజులు తప్పు చదివానని, గెయిన్ నాబ్ దగ్గర ఎక్కడ ఆగానో, మీ ధన్యవాదాల దగ్గర ఎలా కదిలానో. నేను తప్పుగా నమ్మిన సంగతి కూడా దాచలేదు. ముగ్గురు ఇంజినీర్లూ కుర్చీల్లోంచి లేచి కార్డులు బల్ల నిండా పరిచి, తలా ఒక జత ఏరుతూ కూర్చున్నారు. నీళ్ళు తాగినాయన పదకొండో కార్డు పట్టుకుని, అరె ఇది సరిగ్గానే ఉందే అన్నాడు. ఇరవై ఒక్క పదాలూ అలా ఆటలోనే అడిగేశారు, నేను అలాగే చెప్పేశాను. ఉన్నది ఉన్నట్టు కాదు, నా కవిత్వం కలిపే చెప్పాను. ఏమనుకోకు.

చివరికి ఆవిడ నా మొదటి ఉత్తరం తీసింది, పదకొండేళ్ళ నాటిది. గుర్రు ఎక్కడ అని అడిగింది. రిలే సంగతి చెప్పి, స్టూడియో మిక్సర్‌కి కరెంటిచ్చే పెట్టెలో ఆ అలని అణచాల్సిన ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోయి ఉంటుంది, విప్పకుండా ఇంతకంటే చెప్పలేను అన్నాను. ఆవిడ ఉత్తరం మడిచి ఫైల్లో పెట్టింది.

"నేను ఇక్కడికొచ్చి ఆరు నెలలైంది. మొదటి రోజు నుంచీ నాకూ వినిపిస్తోంది. మీకేదో భ్రమ అన్నారు నన్ను."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇన్నేళ్ళకి నాలాంటి చెవులున్న మనిషి ఒకరు దొరికారే తల్లీ. ఆ సంతోషం ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు.

ఒకటో తారీకు నుంచి రమ్మన్నారు. కాగితం చేతికిచ్చేశారు. మీ బాబాయి గేటు బయట నిలబడి ఉన్నాడు, డ్యూటీ ఎగ్గొట్టి. కాగితం చూసి, దరఖాస్తు వెనక్కి తీసుకునేది ఎక్కడో ఇంకా కనుక్కోలేదు అన్నాడు. ఆ మనిషిని ఏమనాలి చెప్పు.

కార్డులు వాళ్ళు ఉంచేసుకున్నారు. స్టూడియో గోడకి పెడతారట. నాకు ఇంకో కట్ట పంపు, ఒక్కో కార్డూ రాసి, అప్పటికప్పుడే తిప్పి వెనక రాసి. మొత్తం కట్టని ముట్టుకోకు.

నీ వైవాలో ఎలా వినిపిస్తుంది అని అడిగితే నీకు తెలుసు కదా ఏం చెప్పాలో. ముందు చెవులతో విను, తర్వాత నోటితో చెప్పు. మూడో తారీకు పొద్దున్న ఏడున్నరకి మా అనౌన్సరమ్మ వార్తలు చదువుతుంది. అప్పటికి నాకు రెండు రోజుల పని దొరికి ఉంటుంది. రేడియో పెట్టు.

ఇట్లు,
దగ్గర్లోని మెకానిక్


ఆగస్టు 3

పిన్నీ,

ఏడింబావుకే మా గదిలో పదిమంది చేరారు. టీ పొలమారిన అమ్మాయి తన రేడియో కూడా తెచ్చింది, నాది సరిగ్గా లేకపోతే పనికొస్తుందని. అందరినీ నోరు మూసుకోమన్నాను. ఫ్యాను కూడా ఆపాను.

ముందు రిలే వచ్చింది. ఎప్పటిలాగే శుభ్రంగా ఉంది. ఏడున్నర అయింది. ఒక్క క్షణం ఏమీ లేదు. రేడియో ఆగిపోయిందేమో అని ఒకమ్మాయి కొట్టబోయింది, చెయ్యి పట్టుకుని ఆపాను. అప్పుడు మీ అనౌన్సరమ్మ నమస్కారం అంది. మాట వెనక ఇంకేమీ లేదు పిన్నీ. ఇన్నాళ్ళూ ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది అనుకున్న గుర్రు, పోయాక తెలిసింది అది ఎంత ఉండేదో. నాకు ఏడుపొచ్చింది. వైవా ఎల్లుండి, ఈసారి అడిగితే చెప్పగలను.

మొదటి వార్త అయిపోయింది. రెండో వార్తకి ముందు ఆవిడ కాగితం తిప్పింది.

వినిపించింది.

నీ అమ్మాయి